రంగు చేపలకూ పొత్తు కుదరాలి

వేరుశనగలో కంది సాళ్లు ఎందుకు వేస్తారో మీకు ఒకరు చెప్పక్కరలేదు. ఒకటి నేలను అంటుకుని పెరుగుతుంది, ఒకటి పైకి పోతుంది. ఒకటి ముందు చేతికొస్తుంది, ఒకటి తర్వాత వస్తుంది. ఒకదానికొకటి అడ్డం రావు. అదే రెండు పంటలూ ఒకే నీటికి, ఒకే ఎండకు పోటీ పడితే రెండూ పోతాయి. అద్దాల తొట్టిలో రంగు చేపల పెంపకం కూడా అచ్చం ఇలాంటిదే. నేలను బట్టి పంట, పంటను బట్టి పొత్తు. నీటిని బట్టి చేప, చేపను బట్టి తోడు.

ఈ మాట తెలియక డబ్బు పోగొట్టుకున్న ఒక ఇంటి సంగతి ముందు చెబుతాను. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. సూళ్లూరుపేట వైపు ఎకరన్నర భూమి, రెండు గేదెలు ఉన్న కుటుంబం. బోరు నీళ్లు ఏటేటా ఉప్పెక్కుతున్నాయి. ఇంటావిడ పొదుపు సంఘంలో 6,500 రూపాయలు తీసుకుంది. భర్త పట్నం వెళ్లి మూడడుగుల అద్దాల తొట్టి, గాలి మోటారు, ఫిల్టరు, పద్నాలుగు చేపలు తెచ్చాడు. "మామూలు చేపలు అందరి దగ్గరా ఉంటాయి, అరుదైన సిక్లిడ్లు పెట్టుకోండి, పిల్లలొస్తే మేమే కొంటాం" అని దుకాణంలో చెప్పారట.

తెచ్చినవి రామ్ చేపలు 4, ఏంజెల్ 2, పసుపు రంగు ఎల్లో ల్యాబ్ 6, ఆస్కార్ పిల్లలు 2. అన్నీ ఒకే రోజు, ఒకే తొట్టిలో వేశారు. వారం తిరగకముందే రామ్ చేపలు నాలుగూ తేలాయి. ఇరవై రోజులకు ఏంజెల్ చేపల రెక్కలు పీలికలయ్యాయి, అవీ పోయాయి. నలభయ్యో రోజుకు తొట్టిలో మిగిలినవి ఆస్కార్లు రెండే. పసుపు చేపలు ఏమయ్యాయో వాటి పొట్టలు చూస్తే తెలుస్తుంది.

"నీళ్లుంటే చేప బతుకుతుందనుకున్నామన్నా. చేపలు పోయినయ్, అప్పు మాత్రం బతికుంది" అందావిడ.

జబ్బు ఏదీ రాలేదు. ఎవరూ మందు కలపలేదు. మూడు తప్పులు జరిగాయి. తొట్టి ముదరకముందే చేపలు వేశారు. నీటికి నప్పని చేపలు తెచ్చారు. పొత్తు కుదరని వాటిని కలిపారు. ఈ మూడూ ముందే తెలుసుకుంటే మీ డబ్బు మీ దగ్గరే ఉంటుంది.

సిక్లిడ్ అంటే ఏమిటి?

పేరు కొత్తగా ఉన్నా చేప మీకు కొత్త కాదు. మన చెరువుల్లో, కాలువల్లో పట్టిందల్లా దొరికే తిలాపియా ఈ సిక్లిడ్ కుటుంబానిదే. ఈ కుటుంబంలో 1,600కు పైగా జాతులున్నాయి. ఎక్కువ భాగం ఆఫ్రికా, దక్షిణ అమెరికా, మధ్య అమెరికా ప్రాంతాలవి. మన దేశంలో పుట్టినవి మూడే మూడు. పెర్ల్‌స్పాట్, ఆరెంజ్ క్రోమైడ్, కర్ణాటక పశ్చిమ తీరపు నదుల్లో ఉండే కెనరా పెర్ల్‌స్పాట్.

పెర్ల్‌స్పాట్‌ను పులికాట్ సరస్సులో వల వేసేవాళ్లు బాగా ఎరుగుదురు. ఆకుపచ్చ ఒంటి మీద ముత్యాల్లాంటి తెల్ల చుక్కలు ఉంటాయి. కేరళలో దీన్నే కరిమీన్ అంటారు. ఆ రాష్ట్ర ప్రభుత్వం 2010లో దీన్ని రాష్ట్ర చేపగా ప్రకటించింది. ఆరెంజ్ క్రోమైడ్ దీని చిన్న దాయాది. దక్షిణాది తీరపు ఉప్పుటేర్లలో, మంచినీటి వాగుల్లో, శ్రీలంకలో ఉంటుంది. కేరళలో పల్లత్తి అంటారు. మూడంగుళాలకు మించి పెద్దగా పెరగదు. పసుపు, నారింజ రంగుల ఒంటి మీద నడుమ ఒక నల్ల మచ్చ ఉంటుంది.

సిక్లిడ్లకు రెండు గుణాలు ఉన్నాయి. ఒకటి, హద్దు కోసం తగువు. జత కట్టిన చేపలు తొట్టిలో ఒక మూలను తమదిగా చేసుకుని అటు వచ్చిన ప్రతిదాన్నీ తరుముతాయి. గట్టు తగువులు మనకు తెలియనివి కావు కదా! రెండు, పిల్లల మీద ప్రేమ. చాలా చేపలు గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. సిక్లిడ్లు గుడ్లకు కాపలా కాస్తాయి, పిల్లల్ని వెంట తిప్పుకుంటాయి. చూసేవాళ్లను ఆకట్టుకునేది ఈ గుణమే. తోటి చేపల ప్రాణం మీదకు తెచ్చేదీ ఇదే.

ముందు నీళ్లు చూపించండి

భూసార పరీక్ష లేకుండా ఎరువు వేయొద్దని మీకు చెబుతూనే ఉంటాం. ఇక్కడా అంతే. ఒక సీసాడు బోరు నీళ్లు పట్టి దగ్గర్లోని ఆక్వా ల్యాబుకు తీసుకెళ్లండి. రొయ్యల చెరువులున్న ప్రతి ప్రాంతంలోనూ ఇవి ఉన్నాయి. పి.హెచ్., ఉప్పుశాతం, కాఠిన్యం, క్షారత్వం, అమ్మోనియా చూడమనండి.

ఒక తేడా గుర్తుంచుకోవాలి. కాఠిన్యం వేరు, ఉప్పదనం వేరు. సున్నం, మెగ్నీషియం లవణాలు ఎక్కువుంటే కఠిన జలం. బిందెకు తెల్లగా గార కడుతుంది, సబ్బు నురగ రాదు. మామూలు ఉప్పు ఎక్కువుంటే ఉప్పు నీరు. కొన్ని బోర్లలో రెండూ ఉంటాయి.

రామ్ చేప వెనిజులా, కొలంబియా దేశాల్లోని ఒరినోకో నది ప్రాంతపుది. మెత్తటి, గోరువెచ్చటి నీళ్లు కావాలి. దాన్ని ఉప్పు బోరు నీళ్లలో వేయడమంటే చౌడు నేలలో తమలపాకు తోట పెట్టడమే. ఎల్లో ల్యాబ్ ఆఫ్రికాలోని మలావీ సరస్సుది. కఠిన జలమే దానికి ఇష్టం. ఈ రెండింటికీ ఒకే నీళ్లు ఎలా నప్పుతాయి?

మన ఆరెంజ్ క్రోమైడ్‌కు పి.హెచ్. 7.5 నుంచి 8.5 దాకా ఉన్నా, నీళ్లు కఠినంగా ఉన్నా, కాస్త ఉప్పగా ఉన్నా ఇబ్బంది లేదు. పైగా అదే బాగుంటుంది. పంటకు పనికిరావని మీరు బాధపడే నీళ్లే దీనికి అచ్చొస్తాయి. నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఇదే. మీ నీళ్లను చేపకు తగ్గట్టు మార్చాలని చూడకండి. మీ నీళ్లకు తగ్గ చేపను వెతుక్కోండి.

అయితే పులికాట్ నీళ్లు, రొయ్యల చెరువు నీళ్లు నేరుగా తెచ్చి తొట్టిలో పోయకండి. జబ్బులు, పరాన్నజీవులు వెంట వస్తాయి. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోవడానికి వెడల్పాటి పాత్రలో ఒక రోజు నిల్వ ఉంచి వాడండి.

తొట్టి ముదరడం అంటే?

మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు తొట్టిలో పైన మూడంగుళాలు వదిలేస్తే వందకు కాస్త పైగా లీటర్లు పడతాయి. నీళ్లు, రాళ్లు, అద్దం బరువు కలిపితే క్వింటాలు దాటుతుంది. అందుకే బలమైన, చదునైన స్టాండు కావాలి. తొట్టి అడుగున థర్మోకోల్ షీటు పరచండి. నేరుగా ఎండ తగిలే చోట పెట్టొద్దు, నీళ్లు పాకుడు పడతాయి.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. చేప విసర్జించిన వ్యర్థం నుంచి, మిగిలిన మేత నుంచి అమ్మోనియా వస్తుంది. అది విషం. నీళ్లలో ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైటుగా మారుస్తుంది. అదీ విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేటుగా మారుస్తుంది. దీనితో అంత ప్రమాదం లేదు. మీరు పొలంలో యూరియా చల్లినప్పుడు నేలలో జరిగేదీ ఇదే వరుస. నేలలో ఆ బాక్టీరియా ముందే ఉంటుంది. కొత్త తొట్టిలో ఉండదు. అది స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. దీన్నే తొట్టి ముదరడం అనుకోండి.

ఎలా చేయాలి? తొట్టి నింపి, ఫిల్టరు ఆడిస్తూ, చేపలు లేకుండానే రోజూ చిటికెడు మేత వేయండి. అది కుళ్లి అమ్మోనియా వస్తుంది, దాని మీద బాక్టీరియా పెరుగుతుంది. నాలుగు వారాల తర్వాత నీళ్లు పరీక్ష చేయించండి. అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నా అయ్యాకే చేప. జబ్బుల్లేని పాత తొట్టి ఉన్నవాళ్లెవరైనా తెలిస్తే వాళ్ల ఫిల్టరు స్పాంజి ముక్క ఒకటి అడిగి తెచ్చుకోండి. పెరుగుకు తోడు వేసినట్టే, పని త్వరగా అవుతుంది.

మన బోర్లలో పి.హెచ్. ఎక్కువ. పి.హెచ్. పెరిగినా, నీళ్లు వేడెక్కినా అమ్మోనియా విషం ఇంకా ముదురుతుంది. రొయ్యల రైతులకు ఇది అనుభవమే. కాబట్టి కఠిన జలం వాడేవాళ్లు ఈ నాలుగు వారాలూ ఓపిక పట్టక తప్పదు.

వారానికొకసారి నాలుగో వంతు నీళ్లు తీసి కొత్తవి పోయండి. తీసిన నీళ్లు కరివేపాకు చెట్టుకో, అరటికో పోయొచ్చు. తొట్టిలో ఉప్పు కలిపి ఉంటే మాత్రం మొక్కలకు పోయొద్దు. ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద రుద్ది కడగకండి. పెంచిన బాక్టీరియా అంతా పోతుంది. తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండి మళ్లీ పెట్టండి.

ఏ చేపతో ఏ చేప?

ఆరెంజ్ క్రోమైడ్: కలిపి పెంచే తొట్టికి మొదటి చేపగా దీన్నే చెబుతాను. ఒంటరిగా ఒకటో రెండో కాకుండా ఆరు తెచ్చుకోండి. గుంపుగా ఉంటే తగువు ఒకరి మీదే పడదు. తోడుగా మోలీ చేపలు ఆరో ఎనిమిదో వేయొచ్చు. మోలీలకూ కఠిన జలం, కాస్త ఉప్పు పడతాయి. పది లీటర్లకు ఒక టీ చెంచా చొప్పున అయొడిన్ కలపని కల్లుప్పు కలిపితే రెండింటికీ మంచిదే. ముందు బకెట్లో కరిగించి పోయండి. బోరులోనే ఉప్పుంటే కలపక్కరలేదు. గోల్డ్ ఫిష్, పొడవాటి రెక్కలున్న నెమ్మది చేపలు దీనితో వద్దు.

పెర్ల్‌స్పాట్: పిల్లగా ఉన్నప్పుడు ఆరెంజ్ క్రోమైడ్‌తో చక్కగా కలుస్తుంది. ఈ రెంటి పొత్తు విచిత్రమైనది. ఉప్పునీటి కాయల్లో పెర్ల్‌స్పాట్ రెక్కల మీది పరాన్నజీవులను చిన్న ఆరెంజ్ క్రోమైడ్లు ఏరి తింటాయి. వైమన్, వార్డ్ అనే పరిశోధకులు 1972లో దీన్ని గమనించి రాశారు. అదే ఆరెంజ్ క్రోమైడ్ సందు దొరికితే పెర్ల్‌స్పాట్ గుడ్లనూ తినేస్తుంది. పక్క పొలం ఆసామి నాటుకు సాయానికీ వస్తాడు, గట్టునూ జరుపుతాడు. అలా ఉంటుంది. పెర్ల్‌స్పాట్ ఎనిమిదంగుళాలు, ఇంకా పైన కూడా పెరుగుతుంది. మూడడుగుల తొట్టిలో ఎప్పటికీ ఉంచలేం. తొట్టిలో మొక్కలు పెడితే మేసేస్తుంది.

కీహోల్: గయానా, సురినామ్ వైపు చేప. సిక్లిడ్లలో సాధువు. బెదిరితే ఒళ్లంతా మచ్చలు తెచ్చుకుని దాక్కుంటుంది. ఉప్పు లేని మంచినీళ్లు కావాలి. గప్పీ కన్నా పెద్దవైన శాంతమైన చేపలతో కలుస్తుంది.

క్రిబెన్సిస్: నైజీరియా, కామెరూన్ దేశాలది. నాలుగంగుళాల లోపు. ఆడదాని పొట్ట చెర్రీ పండు రంగుకు తిరిగితే గుడ్లకు సిద్ధమైనట్టు. బోర్లించిన కుండ పెంకులో గుడ్లు పెడుతుంది. మామూలప్పుడు మంచిదే. పిల్లలున్నప్పుడు అడుగున తిరిగే చేపల్ని బతకనివ్వదు. నీటి పి.హెచ్.ను బట్టి పిల్లల్లో ఆడ, మగ పాలు మారడం దీని ప్రత్యేకత. ఇదీ ఉప్పు లేని నీళ్లదే.

గుల్ల చేపలు: ఆఫ్రికాలోని టాంగన్యికా సరస్సులో ఖాళీ నత్త గుల్లల్లో కాపురం ఉండే చిట్టి సిక్లిడ్లు. మల్టీ అనే రకం రెండంగుళాలు కూడా ఉండదు. కఠిన జలం కావాలి, ఉప్పు మాత్రం వద్దు. అడుగున సన్న ఇసుక, చేప ఒకటికి రెండేసి గుల్లలు వేసి రెండడుగుల తొట్టిలో వాటిని మాత్రమే ఉంచాలి. గార కట్టే బోరు నీళ్లున్నవాళ్లకు తగినవి.

ఎల్లో ల్యాబ్, తక్కిన మలావీ చేపలు: వీటిని వీటితోనే ఉంచాలి. రాళ్లు గుట్టగా పేర్చి, కనీసం నాలుగడుగుల తొట్టిలో పెంచాలి. మలావీ రాళ్ల మధ్య బతికే చేపల్లో చాలా రకాలు నాచు మేసేవి. మాంసం మేత ఎక్కువైతే పొట్ట ఉబ్బి చస్తాయి.

ఆస్కార్, ఫ్లవర్‌హార్న్: కలిపి పెంచే తొట్టికి పనికిరావు. రెండంగుళాల ఆస్కార్ పిల్ల ఏడాదిలో మీ చెయ్యంత అవుతుంది, అడుగు దాకా పెరుగుతుంది. నోట్లో పట్టే ప్రతి చేపా దానికి మేతే. ఫ్లవర్‌హార్న్ ప్రకృతిలో లేదు. 1990లలో మలేషియాలో సంకరం చేసి తీసిన రకం. దాని తొట్టిలో అదొక్కటే ఉండాలి.

కొనేటప్పుడు దుకాణదారును "ఇది ఎంత పెరుగుతుంది? ఏం తింటుంది? ఏ నీళ్లది?" అని మూడు ప్రశ్నలు అడగండి. సమాధానం చెప్పలేని చోట కొనకండి. చేపను తెచ్చాక సంచిని మూతి విప్పకుండా పావుగంట తొట్టి నీళ్ల మీద తేలనివ్వండి. తర్వాత మూతి విప్పి తొట్టి నీళ్లు కొంచెం కొంచెం సంచిలో కలుపుతూ అలవాటు చేసి చేపను వదలండి. సంచి నీళ్లు తొట్టిలో పోయొద్దు. అన్నీ ఒకేరోజు వేయకండి. శాంతమైనవి ముందు, హద్దు కోసం తగవులాడేవి చివర వేయాలి. ముందొచ్చినదే ఆసామి అవుతుంది కదా!

మేత, పిల్లలు

రోజుకు రెండుసార్లు, రెండు నిమిషాల్లో తినేంతే వేయండి. చేప ఎప్పుడూ ఆకలిగానే కనిపిస్తుంది, నమ్మకండి. మేత ఎక్కువై పోయే తొట్లే ఎక్కువ. ఆరెంజ్ క్రోమైడ్ అన్నీ తింటుంది. చిన్న గుళికల మేతకు తోడు ఉడకబెట్టి మెత్తగా నలిపిన బఠాణీ, పాలకూర వారానికి రెండుసార్లు పెట్టొచ్చు. వారానికి ఒకపూట పస్తు ఉంచితే నష్టం లేదు.

ఆరెంజ్ క్రోమైడ్లలో ఆడ, మగ తేడా పైకి తెలియదు. ఆరు పెంచితే వాటిలో అవే జత కడతాయి. చదును రాయి మీదో, పెంకు మీదో గుడ్లు అంటిస్తాయి. రెండూ వంతులవారీగా రెక్కలతో విసురుతూ కాస్తాయి. పిల్లలు ఈత మొదలుపెట్టాక తల్లిదండ్రుల ఒంటి మీది జిగురును కొరుక్కుని తింటాయి. ఇది చూసి చేపకు జబ్బు చేసిందనుకోకండి. దూడ పాలు తాగడం లాంటిదే. అందుకే తొలి రోజుల్లో పిల్లల్ని విడదీయొద్దు. తోడుగా అప్పుడే పొదిగిన ఆర్టీమియా వేయాలి. రొయ్య పిల్లల హేచరీలున్న తీరంలో దాని సంగతి తెలిసినవాళ్లు చాలామంది ఉన్నారు.

పిల్లలు కావాలనుకుంటే జతను వేరే తొట్టికి మార్చండి. కలిపి పెంచే తొట్టిలో ఉంటే కొన్ని పిల్లలు మోలీల నోట్లోకి పోతాయి, మోలీలు కొన్ని జత చేతిలో దెబ్బలు తింటాయి.

కరెంటు, ఎండ, జబ్బు

కరెంటు పోతే గాలి మోటారు ఆగుతుంది. బ్యాటరీతో నడిచే చిన్న గాలి మోటారు ఒకటి ఉంచుకోండి. అది లేకపోతే చెంబుతో నీళ్లు తీసి జానెడు ఎత్తు నుంచి మళ్లీ పోస్తూ ఉండండి. కరెంటు లేనంతసేపు మేత వేయొద్దు. మే నెలలో నీళ్లు వేడెక్కితే ప్రాణవాయువు తగ్గుతుంది. పైమూత తీసి వల కప్పండి, తొట్టి వెనకా పక్కలా తడి గోనె పట్టా వేలాడదీయండి. మంచు గడ్డలు వేసి ఒక్కసారిగా చల్లబరచొద్దు.

కొత్త చేపను రెండు మూడు వారాలు వేరే తొట్టిలో ఉంచి చూశాకే కలపండి. ఒంటి మీద ఉప్పు రవ్వల్లాంటి తెల్ల చుక్కలు కనిపిస్తే అది తెల్లమచ్చ తెగులు. మొత్తం తొట్టికి సోకుతుంది. ఆలస్యం చేయకుండా తెలిసినవాళ్లకు చూపించండి. రొయ్యల చెరువులో మిగిలిన యాంటీబయాటిక్ మందులు తెచ్చి తొట్టిలో పోయడం కొందరు చేస్తున్నారు. దానివల్ల ఫిల్టరులోని మంచి బాక్టీరియా చచ్చి చేపలు అమ్మోనియాతో పోతాయి.

డబ్బు మాటేమిటి?

ఉన్నమాట చెప్పాలి. ఇది పంటకు బదులు కాదు. ఇంటి పట్టున ఉండేవాళ్లు రోజూ ఒక గంట కేటాయించగలిగితే చేసే చిల్లర ఆదాయపు పని. ముందు కొనేవాళ్లను చూసుకోండి, తర్వాత చేప. మన జిల్లా దక్షిణ కొసకు చెన్నై దగ్గర. అక్కడి కొళత్తూరు రంగు చేపల వ్యాపారానికి పేరు పడ్డ చోటు. ఒకసారి వెళ్లి ఏ చేప, ఏ సైజు, ఏ ధరకు తీసుకుంటారో నాలుగు దుకాణాల్లో అడగండి. దుకాణం అమ్మే ధర వేరు, మీకిచ్చే ధర వేరు. రెండో దాన్ని బట్టే లెక్క వేసుకోండి. ఒక తొట్టితో ఏడాది నడిపి చూశాకే రెండోది పెట్టండి.

2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి రంగు చేపల యూనిట్ ఉంది. యూనిట్ విలువ 3 లక్షలుగా లెక్కగట్టి అందులో సాధారణ వర్గాలకు 40 శాతం, మహిళలు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం సబ్సిడీ పెట్టారు. ఈ ఏడాది దరఖాస్తులు తీసుకుంటున్నారా లేదా అన్నది జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో అడిగాకే అడుగు వేయండి. సబ్సిడీ కోసం మాత్రం మొదలుపెట్టకండి. పెర్ల్‌స్పాట్ పిల్లల ఉత్పత్తి మీద చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ పని చేసింది. శిక్షణ సంగతులు అక్కడా అడగవచ్చు.

చెరువులో మాత్రం వదలొద్దు

తొట్టిలో ఇమడని చేపను ఏం చేయాలి? చాలామంది పుణ్యమని చెరువులో వదులుతారు. అది పుణ్యం కాదు. మొజాంబిక్ తిలాపియాను 1952లో మన దేశానికి తెచ్చారు. ఈనాడు అది లేని నీళ్లు అరుదు. మన చేపల మేతకు పోటీ పడుతుంది, విపరీతంగా పిల్లలు పెట్టి గిడసబారిపోతుంది. తొట్టి గోడలు శుభ్రం చేస్తుందని అమ్మే సక్కర్ చేపను ఎవరో వదిలారు. ఈనాడు జాలర్లు దాన్ని దెయ్యం చేప అంటున్నారు. వల చింపుతుంది, అమ్ముడుపోదు. మీ తొట్టిలో వంద రూపాయల చేప పక్కవాడి చెరువులో వేల రూపాయల నష్టం తేగలదు. ఇమడకపోతే దుకాణానికి తిరిగి ఇవ్వండి, పెంచేవాళ్లకు ఇవ్వండి.

మొదట చెప్పిన ఇంట్లోనూ ఈ మాట వచ్చింది. ఆస్కార్లు రెండూ ఆరంగుళాలు దాటాయి. మేతకు ఖర్చు, తొట్టి చాలదు. చెరువులో వదిలేద్దామని కొడుకు బకెట్ తీశాడు. "మన చేపలను తిన్నవి, ఊరి చేపలను తినవా?" అని తల్లి ఆపింది. మోసుకెళ్లి దుకాణంలో ఊరికే ఇచ్చి వచ్చారు.

తర్వాత తొట్టి అయిదు వారాలు చేపలు లేకుండా ఆడించి, నీళ్లు పరీక్ష చేయించి, ఆరెంజ్ క్రోమైడ్లు ఆరు, మోలీలు ఆరు వేశారు. సంఘం అప్పు తీరింది. తీర్చింది చేపలు కాదు, గేదెల పాలు. ఆ సంగతి ఆవిడే నవ్వుతూ చెప్పింది. మొన్న నేను వెళ్లేసరికి క్రోమైడ్ జత ఒకటి పెంకు పక్కన పిల్లల్ని తిప్పుకుంటోంది. మోలీలు అటు మూలకు పోకుండా తమ వైపే తిరుగుతున్నాయి. పన్నెండింటిలో ఒక్కటీ పోలేదు.

"ఈ పిల్లలు ఎదిగితే కొనేవాళ్లను ఇద్దరిని అడిగి పెట్టానన్నా. రెండో తొట్టి మాట ఆ డబ్బు చేతికొచ్చాకే" అందావిడ.

మీరూ ఆ వరుసలోనే నడవండి. ముందు నీళ్లు, తర్వాత తొట్టి, ఆ తర్వాత పొత్తు. చేప అన్నిటికన్నా చివర.